ప్లాస్టర్ పట్టీ మీద గీతలు

సెప్టెంబరు 24, 2023. ఆదివారం. తాండూరు

బీరువా అడుగు అరలో అమ్మ డ్యూటీ చీరలు. తెల్లవి, ఆరు. మడత చెదరలేదు. వాటి వెనక రేకు డబ్బా. డబ్బాలో తువ్వాల. తువ్వాలలో సీసా.

బ్రాందీ. ఫుల్లు సీసా. మూడో వంతు మిగిలి ఉంది.

చూడగానే పోల్చుకున్నాను. అదే సీసా. ఇన్నేండ్లు దాచిందా?

పై నుంచి కింది దాకా తెల్ల ప్లాస్టర్ పట్టీ అతికించి ఉంది. దవాఖాన ప్లాస్టర్. అంచులు నల్లబడ్డాయి. దాని మీద బాల్‌పెన్ను గీతలు, గీత గీతకీ తేదీ. అమ్మ అంకెలు. ఏడుకి నడుమ అడ్డగీత పెట్టేది.

బండల మీద అట్లే కూర్చుండిపోయాను. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే బండలు. నాయిన తన పాలిష్ మిషను మీద తీసినవే, పరిచింది కూడా ఆయనే.

తమ్ముడు బయట కిరాయికి వచ్చిన వాళ్లతో మాట్లాడుతున్నాడు. చీరల్లో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను. వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?


సెప్టెంబరు 25. వికారాబాదు

నిన్న సాయంత్రం ప్యాసింజర్‌లో వచ్చాను. సంచి ఒళ్లోనే. సీసా పక్కకి ఒరగకుండా రెండు చేతులా పట్టుకున్నాను. ధారూరు దాటేదాకా ఎవరో చూస్తున్నారనే అనిపించింది. ఇప్పుడు మద్య నిషేధం లేదు, ఎవరేమంటారు. అయినా చేతులు చెమటలు పట్టాయి.

ఈ బండిలోనే కదా అప్పట్లో సేడం వైపు నుంచి తెచ్చేవాళ్లు. జొన్న సంచుల్లో, పాల క్యాన్లలో. తాండూరులో బండి ఆగితే పోలీసులు ఎక్కేవాళ్లు. నాయిన ప్లాట్‌ఫారం మీద కనిపించినా చాలు, సాయంత్రానికి ఇంట్లో పంచాయితీ.

అమ్మ దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టలేదు. నిలువుగానే ఉంచింది. ద్రాక్ష సారాయం అయితే బెండు తడిగా ఉండాలని పడుకోబెడతారు. బ్రాందీ అట్లా కాదు, ఘాటు ఎక్కువ, మూతలోని బిళ్లని తినేస్తుంది. ఈ సంగతి అమ్మకి ఎవరు చెప్పారో. మిషను దవాఖానలో ఆయాగా ముప్పై ఏండ్లు చేసింది. మందుల సీసాలన్నీ నిలువుగా పెట్టే చేతులు.


అక్టోబరు 2. సోమవారం

సెలవు. గాంధీ జయంతి, దుకాణాలు బంద్.

తమ్ముడికి ఫోన్లో చెప్పేశాను.

"గదా? ఇంకున్నదా? పారబొయ్యి అక్కా. ముప్పై ఏండ్లది. తాగితే సస్తరు."

నేను తాగుతానా? మా సంఘంలో తాగుడు మాట ఎత్తితేనే పాపం. అమ్మ కూడా దాన్ని ఎన్నడూ బ్రాందీ అనలేదు. మందు అనేది. మందు సీసా జోలికి పోకండి అనేది. బజారులో అదే మాటకి వేరే అర్థం ఉందని నాకు ఎనిమిదో తరగతిలోనే తెలిసింది.

కొన్న ఏడు క్రిస్మస్ కేకుకి మాత్రం అందులోంచి తీసింది. కిస్‌మిస్, చెర్రీ, నారింజ తొక్కు నానబెట్టడానికి.

ఈ ఏడు అమ్మ లేదు. కేకు నేనే చేయాలి. ఈ సీసాతోనే చేయాలని ఉంది. పనికొస్తుందా?

"నాయిన మిగిల్చిండా ఇంక" అని నవ్వి పెట్టేశాడు.

ఆ నవ్వు చెవిలోంచి పోవడం లేదు.


అక్టోబరు 9

ఎన్నికల షెడ్యూలు వచ్చింది. స్టాఫ్ రూములో అందరూ డ్యూటీల గురించే మాట్లాడుతున్నారు. నాకూ పడుతుంది.

ఇంటికొచ్చి సీసాని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. కాసేపే, ఎండ తగిలితే రంగు పోతుంది.

మబ్బు లేదు. అడుగున పొడి లేదు. రంగు తేనె రంగే, కాస్త వెలిసింది. సగం లేచిపోయిన లేబుల్ మీద 42.8 శాతం, 25 యు.పి. అని చదవగలిగాను. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకానికి మాత్రమే. ఎక్సైజ్ చీటీ ముక్క మెడకి ఇంకా అంటుకుని ఉంది. అదొక ధైర్యం. దుకాణంలో కొన్నదే, ఎవరో ఇంట్లో నింపింది కాదు. కల్తీదైతే ఎంత వాసన చూసినా లాభం లేదు. మిథనాల్ ముక్కుకీ తెలియదు, నాలుకకీ తెలియదు. మంట రంగు చూసి చెప్తాం అంటారు, అదీ నమ్మరాదు. ప్రాణాలు పోతాయి.

మూత చూస్తే అర్థమైంది. రేకు మూత తుప్పు పట్టింది. లోపలి అట్టబిళ్ల ఎండి ముక్కలైంది. బిగుతుగా తిప్పినా కొంచెం ఆడుతుంది.

ఇన్నేండ్లూ ఈ మూతే ఉందా దానికి?


అక్టోబరు 15. ఆదివారం

చర్చి నుంచి రాగానే స్కేలు తీసుకుని కూర్చున్నాను.

పై గీత 16-1-95. నిషేధం మొదలైన రోజు. సారా అంతకుముందే, 93 అక్టోబరులోనే బంద్ అయింది. 94 డిసెంబరులో ఎన్టీ రామారావు గెలవగానే అమ్మ జీతంలోంచి తీసి ఒక ఫుల్లు సీసా కొని పెట్టింది. ఇక దొరకదని. ఎవరికైనా ఆపద వస్తే ఉండాలని. ఆ క్రిస్మస్ కేకుకి తీయగా మిగిలింది దాచింది. నిషేధం నాడు పట్టీ అతికించి మొదటి గీత గీసింది. నాయిన చూస్తుండగానే గీసింది. ఆయనకి తెలియాలనే గీసింది.

తర్వాత 2-10-95. దిగింది 4 మిల్లీమీటర్లు.
25-6-96. ఇంకో 4.
12-1-97. 24.

ఇరవై నాలుగు.

స్కేలు పక్కన పెట్టేశాను. ఆ కింద మరకలు, గీతలు సరిగ్గా కనిపించడం లేదు. చూడాలనీ లేదు.


అక్టోబరు 16

నిద్ర లేదు.


అక్టోబరు 18

ఆ జనవరి రాత్రి. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా గూట్లోంచి సీసా దించింది. పొయ్యి మీది గూడు అది. దీపం దగ్గరికి తెచ్చి చూసింది. తర్వాత నాయిన దగ్గరికి పోయింది.

"సీతాకాలం పూట పసిబిడ్డ ఉన్న ఇంట్ల, ఆపదకి పెట్టినది కూడా మింగినవా?"

"నేను ముట్టలే."

"ఎవలు ముట్టిన్రు మరి? ఎలుకలా?"

"నేను ముట్టలే" అన్నాడు మళ్లీ. అంతే. ఇంకో మాట అనలేదు.

తాగేవాడే. కల్లు, సారా, ఏది దొరికితే అది. నిషేధం వచ్చిన నాటి నుంచి మానేశానన్నాడు. మేం ఎవరం నమ్మలేదు. రోజంతా రాతి పొడిలో పని చేసి దగ్గుతూ వచ్చేవాడు. ఆ దగ్గు కూడా తాగుడు దగ్గే అనుకున్నాం.

నేను గదిలో నా పాపని పడుకోబెడుతున్నాను. తలుపు తెరిచే ఉంది. నాయిన నా దిక్కు చూడలేదు.

చూడలేదా? చూడకుండా ఉన్నాడా?


అక్టోబరు 22. ఆదివారం

రాయాలి. ఇప్పటి దాకా ఏ పుస్తకంలోనూ రాయలేదు.

96 క్రిస్మస్‌కి పాపకి మూడో నెల. నేను పురుటికి వచ్చి తాండూరులోనే ఉన్నాను. మా ఆయన పండక్కి వచ్చారు. కొత్త అల్లుడు. రాత్రి భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచి, చలిగా ఉంది, మీ అమ్మ దగ్గర సీసా ఉందట కదా, కొంచెం, అన్నారు. బయట ఎక్కడా దొరకని రోజులు. అమ్మ నైట్ డ్యూటీకి పోయింది. నాయిన నిద్రపోయాడు.

దగ్గు మందు ఖాళీ సీసా కడిగాను. అందులో పోశాను. నిండా పోశాను. ఆయన కోటు జేబులో పెట్టుకుని మర్నాటి బండికి వెళ్లిపోయారు.

నీళ్లు కలిపి గీత దాకా పెడదామనుకున్నాను. భయం వేసి మానేశాను.

అమ్మ కేక వేసిన రాత్రి నోరు తెరిస్తే అల్లుడి పరువు పోతుంది. అదే అనుకున్నాను. నాయినకి కొత్తగా పోయే పరువు ఏముంది అనుకున్నాను. ఇది కూడా రాయాలి. అట్లాగే అనుకున్నాను.

మూడు రోజులు అమ్మ నాయినకి అన్నం పెట్టి మాట్లాడకుండా వెళ్లింది.


అక్టోబరు 23

దగ్గు మందు సీసా 100 మిల్లీలీటర్లది. ఈ సీసా అడుగు వెడల్పు కొలిచి లెక్క వేశాను. ఒక్క మిల్లీమీటరుకి 4.4 మిల్లీలీటర్లు. వంద అంటే 22 లేదా 23 మిల్లీమీటర్లు.

24 లో నా వాటా పోతే మిగిలింది ఒకటి, రెండు.

ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇది. నేను తీసింది కొంతే. మిగతాదంతా నాయినే. ఆయన తాగకపోతే గీతలు ఎందుకు దిగుతాయి, అంతకుముందు కూడా దిగాయి కదా. ఆ మాటతో నిద్రపోయేదాన్ని.

4, 4. అవి ఎవరివి?


నవంబరు 4. శనివారం

ల్యాబ్‌లో రెండో సంవత్సరం పిల్లలకి బ్యూరెట్లు ఇస్తుంటే తట్టింది. ఇరవై రెండేండ్లు ల్యాబ్ అసిస్టెంట్‌గా చేసి, ఇది ఇప్పుడా తట్టడం?

తాగితే మట్టం దిగుతుంది, ఘాటు మారదు.
నీళ్లు కలిపితే ఘాటు తగ్గుతుంది, మట్టం దిగదు.
ఆవిరైతే రెండూ తగ్గుతాయి. ఎందుకంటే ఆల్కహాల్ నీళ్ల కంటే ముందు పోతుంది. 78 డిగ్రీలకే మరిగేది అది. వదులు మూత, కింద పొయ్యి, తాండూరు ఎండలు.

ఘాటు కొలవాలి. ఎక్సైజ్ వాళ్ల హైడ్రోమీటరు నా దగ్గర లేదు. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ ఉంది. అది చాలు.

పోల్చడానికి కొత్త బ్రాందీ ఒకటి కావాలి. ఎవరిని తెమ్మనాలి? అటెండర్‌ని అడగబుద్ధి కాలేదు.


నవంబరు 11

నేనే వెళ్లాను. రేపు దీపావళి, వైన్స్ ముందు జాతరలా ఉంది. కొంగు తల మీదికి లాక్కున్నాను. నాకు ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి చూసి తల దించుకున్నాడు. మా కాలేజీలోనే చదివినవాడు.

"ఏం కావాలె మేడం?"

"బ్రాందీ. క్వార్టర్. ఏదైనా సరే."

కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చేదాకా ఊపిరి సరిగ్గా ఆడలేదు.

నాయిన ఎన్నిసార్లు ఇట్లా నిలబడి ఉంటాడు. ఎన్నిసార్లు నిలబడకుండానే నిలబడ్డట్టు మాటలు పడి ఉంటాడు.


నవంబరు 18. శనివారం

క్లాసులయ్యాక ల్యాబ్ తలుపు లోపలి నుంచి గడియ పెట్టాను.

మూత తీశాను. మొదట తడిసిన అట్ట వాసన. పక్కకి జరిగి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూశాను. కిస్‌మిస్. పాత చెక్క పెట్టె. కొంచెం బెల్లం పాకం. గోళ్ల రంగు వాసన గానీ, కుళ్లు గానీ లేదు. పులవలేదు. పులవదు కూడా, ఇంత ఆల్కహాల్‌లో సిర్కా చేసే పురుగు బతకదు.

50 మిల్లీలీటర్ల బాటిల్. మూడుసార్లు కడిగి ఆరబెట్టి తూచాను.

నీళ్లు 49.8 గ్రాములు.
కొత్త క్వార్టర్ 47.0.
అమ్మ సీసాది 47.9.

మళ్లీ తూచాను. 47.9.

పట్టిక చూశాను. కొత్తది లేబుల్ మీద ఉన్నట్టే 42, 43 దగ్గర. అమ్మది 31, 32 మధ్య. రంగుకి కలిపే మాడ్చిన చక్కెర వల్ల కాస్త తేడా ఉంటుంది, కానీ ఆ చక్కెర రెండింట్లోనూ ఉంటుంది. 11 శాతం తేడా దాని వల్ల రాదు.

మట్టమూ దిగింది. ఘాటూ తగ్గింది.

బల్ల పట్టుకుని నిలబడ్డాను. కిటికీలోంచి అనంతగిరి వైపు పొగమంచు దిగుతున్నది. ధారూరు జాతరకి పోయే పాటల వ్యాను గేటు ముందు నుంచి పోయింది.


నవంబరు 19

తొందరపడ్డాను.

తాగి, కొన్ని నీళ్లు కలిపినా ఇట్లాగే వస్తుంది. మట్టం దిగుతుంది, ఘాటు తగ్గుతుంది. నాకు ఆ నీళ్ల ఆలోచన వచ్చింది కదా, నాయినకి రాదా?

ఎందుకు ఇట్లా ఆలోచిస్తున్నాను. ఆయనది తప్పు కావాలని ఇంకా నాలో ఎక్కడో ఉందా?


నవంబరు 30. గురువారం. రాత్రి

పోలింగు అయిపోయింది. నిన్నటి నుంచి స్కూల్లోనే, బెంచీల మీద పడుకున్నాం. మొన్న సాయంత్రం నుంచి వైన్ షాపులు మూసి ఉన్నాయి. లైన్లో ఒక ముసలాయన చేతులు వణుకుతున్నాయి. వేలికి సిరా గీత పెట్టడానికి నేను ఆయన చేయి గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. అరచేయంతా బండపని కాయలు.

"సలికి బిడ్డా" అన్నాడు.

సరే తాతా అన్నాను. ఈసారి నమ్మాను.


డిసెంబరు 3. ఆదివారం

టీవీలో పొద్దుటి నుంచి లెక్కింపు. ప్రభుత్వం మారుతుందని మధ్యాహ్నానికే తెలిసిపోయింది. మా ఆయన సోఫాలోంచి కదలలేదు.

ప్రకటనలు వస్తున్నప్పుడు అడిగాను. 96 క్రిస్మస్, తాండూరు, దగ్గు మందు సీసా.

"ఏ దగ్గు మందు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. నుదురు ముడిచి ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

"గుర్తు లేదే" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నేను ఇరవై ఏడేండ్లు మోసినది ఆయన తాండూరు స్టేషను దాటకముందే మరిచిపోయారు.


డిసెంబరు 10. ఆదివారం

భూతద్దం, టార్చి. మరకల కింద ఉన్న గీతలు చూశాను. రెండు నెలల కింద చూడాలనిపించనివి.

12-1-97 తర్వాత 20-2-99. దిగింది 8.

నాయిన పోయింది 99 ఫిబ్రవరి పదకొండున. పోయిన తొమ్మిదో నాడు అమ్మ సీసా తీసి గీత గీసింది. ఇల్లంతా చుట్టాలు ఉన్న రోజులు. ఎప్పుడు తీసింది? ఎందుకు?

దాని కింద 25-3-2001.

దిగింది 8.

మూడుసార్లు కొలిచాను. ఎనిమిదే. ముందు ఇరవై అయిదు నెలలు, నాయిన ఉన్నాడు. తర్వాత ఇరవై అయిదు నెలలు, నాయిన లేడు. రెండూ ఎనిమిదే.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ గొడవ తర్వాత అమ్మ సీసాని గూట్లోంచి తీసి బీరువాలో పెట్టింది. తాళం చెవి నడుముకి కట్టుకుంది. నిద్రలో కూడా తీయలేదు. అయినా మట్టం దిగుతుంటే "తాళం కూడా తీస్తున్నవా?" అని నాయినని అడిగేది. ఆయన జవాబు చెప్పడం మానేశాడు.

97 ఏప్రిల్‌లో దుకాణాలు మళ్లీ తెరిచారు. ఇరవై అడుగుల్లో దొరికేది. దొంగతనంగా ఆ సీసానే తాగాల్సిన పని ఎవరికుంది? అప్పుడైనా నాకు తట్టలేదు.

2001 గీత మిగతావాటిలా లేదు. అమ్మ దాన్ని రెండుసార్లు దిద్దింది. పెన్ను మొన ప్లాస్టర్‌లోకి దిగింది.

అమ్మకి తెలిసిపోయింది.

ఆ తర్వాత 2009 లో ఒక్క గీత. పక్కన తేదీ 25-12. ఆపైన లేవు.


డిసెంబరు 11

తెలిశాక అమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్తుంది? అడగాల్సిన మనిషి లేడు. నేను ఉన్నాను. నాకు చెప్పి ఉంటే నేనూ చెప్పేదాన్నేమో. చెప్పేదాన్నా?

ఆ పెద్ద గీత, ఆ 24, ఆమెకి ఎప్పటికీ అర్థమై ఉండదు. అంత ఒక్కసారి గాలికి పోదు. చివరిదాకా దాన్ని నాయిన మీదే ఉంచి పోయిందా? పద్నాలుగేండ్లు మళ్లీ గీత గీయకుండా ఆ ఒక్కదాన్నే చూసిందా?


డిసెంబరు 14

మా లెక్చరర్ మేడం పుస్తకంలో చూసి చెప్పింది. ఫ్రాన్సులో కోన్యాక్ అనే చోట బ్రాందీని ఓక్ చెక్క పీపాల్లో ఏండ్ల తరబడి ఉంచుతారట. చెక్కలోంచి ఏటా కొంత గాలిలో కలిసిపోతుంది. దానికి దేవదూతల వాటా అని పేరట. ఎవరినీ అనుమానించరు. లెక్కలో ముందే రాసుకుంటారు.

మేం నాయిన వాటా అని రాసుకున్నాం.

చెక్కలో ఉన్నన్నాళ్లే బ్రాందీకి వయసు వస్తుందట. గాజు సీసాలోకి వచ్చాక పెరగదు. ఎంత దాచినా పెరగదు. మూత గట్టిగా ఉంటే అట్లాగే ఉంటుంది, వదులైతే తరుగుతుంది. ఒకసారి విప్పి సగానికి దిగిన సీసాని ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో వాడేయాలంది. లేదా చిన్న సీసాలోకి మార్చి, గాలి లేకుండా, చీకట్లో, చల్లని చోట పెట్టాలి. 95 లోనే రెండు చిన్న సీసాల్లోకి మార్చి ఉంటే.

మార్చలేదు.


డిసెంబరు 16. శనివారం

ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. నలభై తొమ్మిదేండ్లలో మొదటిసారి. ప్రభువు క్షమించాలి.

మంట లేదు అనుకున్నాను, తర్వాత గొంతులో వచ్చింది. చప్పబడింది. నడుమ ఏదో ఖాళీ ఉంది. కానీ చెడిపోలేదు. చివర్లో ఎండు ద్రాక్ష రుచి చాలాసేపు ఉంది. రాత్రి కడుపులో ఏమీ కాలేదు.

పనికొస్తుంది.

కిస్‌మిస్, చెర్రీ, నారింజ తొక్కు, తరిగిన ఖర్జూరం గాజు జాడీలో వేసి మొత్తం పోశాను. అక్టోబరులో నానబెట్టాల్సింది. వారం రోజులే ఉంది. ఘాటు తక్కువ కదా, ఫ్రిజ్‌లో పెట్టాను. క్వార్టర్‌లోంచి ఒక్క చుక్క కూడా కలపలేదు.

సీసా ఖాళీ. 52 మిల్లీమీటర్ల దగ్గర ఒక మరక గీత మిగిలింది.


డిసెంబరు 23. శనివారం

తమ్ముడు, మరదలు, పిల్లలు లింగంపల్లి నుంచి వచ్చారు. పాప రేపు వస్తుంది.

వాణ్ని డాబా మీదికి తీసుకుపోయాను. స్కేలు, సీసా, నా కాగితం. చెప్పాను. 8 కి 8 చూపించాను. 24 చూపించాను.

"అది నేను" అన్నాను.

వాడు చాలాసేపు సీసాని తిప్పుతూ కూర్చున్నాడు. చలి. కింద పిల్లలు నక్షత్రం కడుతున్నారు.

"నేను పదో తరగతిల ఉన్న. నాయినని దొంగ అన్న అక్కా. మొకం మీదనే అన్న."

నాకు తెలియదు. నేను అప్పటికి అత్తగారింటికి వచ్చేశాను.

"ఏమన్నడు?"

"ఏమనలే. సైకిల్ తీసుకొని పనికి పోయిండు."

ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. వాడు నా మీద కోపం తెచ్చుకుంటే బాగుండు. తెచ్చుకోలేదు. రేపు తెచ్చుకుంటాడేమో.


డిసెంబరు 25. సోమవారం

కేకు బాగా వచ్చింది. అడుగు కొంచెం మాడింది. పాప రెండు ముక్కలు తింది, అమ్మమ్మ కేకు రుచే ఉందంది.

ఆయన తింటూ ఆగి నా మొహం చూశారు. "ఇది ఆ సీసాదేనా?" అన్నారు. అవునన్నాను. ముక్క పళ్లెంలో పెట్టి లేచి బయటికి వెళ్లారు. కాసేపటికి వచ్చి మిగతాది తిన్నారు. ఏమీ అనలేదు.


డిసెంబరు 26. తాండూరు

తమ్ముడు, నేను పొద్దుటి బండికి వచ్చాం. సమాధుల దగ్గర గడ్డి పీకాం. నాయినది పాత బండ, తాండూరు నీలం బండే. ఆయనతో పని చేసినవాళ్లు చెక్కి తెచ్చారు. అమ్మది ఇంకా మట్టి కుప్పే. రెండింటి మీదా కేకు ముక్క పెట్టాను. చీమలు వచ్చేదాకా కూర్చున్నాం.

ఇంటికొచ్చాక ఖాళీ బీరువాలో సీసా పెట్టాను, అదే అరలో. కిరాయి వాళ్లు వచ్చేలోపు తీసుకుపోవాలి.

పట్టీ ఊడదీయలేదు. 12-1-97 గీత పక్కన ఖాళీ ఉంది. బాల్‌పెన్నుతో రాశాను. పాత ప్లాస్టర్ కదా, సిరా అంటుకోవడానికి రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

25-12-96. 100 మి.లీ. నేను తీశాను. నాయిన ముట్టలేదు.